పెరట్లో పొగబండి: అందరూ అడిగే ప్రశ్నలు

మేముండేది ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్ వైపు. ఇంటి వెనక పెరట్లో నడుమెత్తు చెక్క గుంజల మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక రైలుదారి వేసుకున్నా. దాని మీద చిన్న ఇంజన్లు తిరుగుతాయి, కరెంటుతో కాదు, నీళ్ళు మరిగించి ఆ ఆవిరితో. ఇంటికొచ్చిన చుట్టాలు, ఆఫీసువాళ్ళు, వాట్సాప్‌లో వీడియో చూసిన ఊళ్ళోవాళ్ళు, అందరూ తిప్పి తిప్పి అవే ప్రశ్నలు అడుగుతారు. ప్రతిసారీ విడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాస్తున్నా. వరసా వావీ ఏమీ లేదు, కొన్నింటికి జవాబు ఒక్క ముక్క, కొన్నింటికి చేటభారతం.

నిజంగా ఆవిరేనా, లోపల బ్యాటరీ దాచావా?

నిజంగా ఆవిరే. బాయిలర్ రాగిది, మీ చెయ్యంత పొడవుండదు. దాని మధ్యలోంచి ఒక గొట్టం పోతుంది, ఆ గొట్టంలో గ్యాస్ మంట. చుట్టూ ఉన్న నీళ్ళు మరిగి ఆవిరవుతాయి, ఆవిరి సిలిండర్లోకి వెళ్ళి పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ చక్రాన్ని తిప్పుతుంది. వీడియోలో వినిపించే ఛుక్ ఛుక్ స్పీకర్లోంచి రాదు, పని ముగించుకున్న ఆవిరి పొగగొట్టంలోంచి బయటికి పోయే చప్పుడది. రిమోట్‌తో నడిచే ఇంజన్లో ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది కానీ అది పిడులు తిప్పడానికే, బండిని లాగడానికి కాదు.

2003లో హార్న్‌బీ కంపెనీ టేబుల్ మీద నడిచే చిన్న సైజులో కూడా ఆవిరి ఇంజన్ తెచ్చింది. అది పట్టాల్లోంచి కరెంటు తీసుకుని, వెనక తగిలించిన టెండర్ అనే పెట్టెలో నీళ్ళు కాచుకునేది. తెలివైన పనే, ఒప్పుకుంటా. కానీ నిప్పు లేని పొగబండి నాకెందుకో మైక్రోవేవ్‌లో చేసిన దోసెలా అనిపిస్తుంది.

కుక్కర్ పేలినట్టు పేలదా?

మొదటిసారి చూసినప్పుడు మా అత్తగారు వంటింటి గుమ్మం దాటి బయటికి రాలేదు. "అల్లుడుగారూ, కుక్కరే మూడు విజిల్సొస్తే నాకు దడ, ఇది పరిగెత్తే కుక్కరు" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు, ఇది పరిగెత్తే కుక్కరే. ఇంట్లో కుక్కర్ వెయిట్ లేచేది చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్ల ప్రెషర్ దగ్గర. నా ఇంజన్ నడిచేది 40 పౌండ్ల దగ్గర, అంటే రెండున్నర రెట్లు పైనే.

మరి భయం లేదా అంటే, లెక్క ఇలా ఉంటుంది. కుక్కర్లో లీటర్ల కొద్దీ నీళ్ళు, దీనిలో ఒక టీ గ్లాసుడు. బాయిలర్ మందపాటి రాగి, అతుకులన్నీ వెండి కలిసిన సోల్డర్‌తో వేస్తారు. 40 దాటితే సేఫ్టీ వాల్వ్ తనంతట తనే లేచి బుస్సుమంటుంది. బాయిలర్ తయారైనప్పుడు దాన్ని నడిచే ప్రెషర్‌కి రెండింతల దగ్గర పరీక్ష చేస్తారు, అదీ ఆవిరితో కాదు, చల్లనీళ్ళు కుక్కి. నీళ్ళు ఆవిరిలాగా నొక్కితే కుంచించుకుపోవు, అందుకని ఎక్కడైనా పగులుంటే ఎగిరిపడదు, ఊరికే కారుతుంది. ఇది మొదటిసారి విన్నప్పుడు ఎవడో మహా నెమ్మదస్తుడు కనిపెట్టుంటాడు అనుకున్నా.

ఇంకో ముఖ్యమైన విషయం, గ్యాస్ ఇంజన్లలో గ్యాస్ ట్యాంకు సైజు ఎలా పెడతారంటే నీళ్ళు అయిపోకముందే గ్యాస్ అయిపోతుంది. అంటే పొయ్యి మీద ఖాళీ గిన్నె మాడే పరిస్థితి రాదు, మొదట్లో నీళ్ళు సరిగ్గా పోసి ఉంటే. అసలు ప్రమాదమల్లా వేళ్ళు కాలడం, గ్యాస్ నింపేటప్పుడు దగ్గర్లో మంట ఉండటం. నాకు తగిలిన దెబ్బలన్నీ వేళ్ళకే.

32, 45 అంటావు, అవేంటి?

పట్టాల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. పెరటి రైళ్ళలో ఈ రెండే ఎక్కువ.

ఇంగ్లండ్‌లో బాగా నడిచేది 16 మిల్లీమీటర్ల స్కేలు. అసలు బండిలో ఒక అడుగు ఉంటే మన బొమ్మలో 16 మిల్లీమీటర్లు, అంటే 19వ వంతు. పట్టాల మధ్య రెండడుగులుండే చిన్న రైళ్ళని ఈ లెక్కన కుదిస్తే సరిగ్గా 32 వస్తుంది. 45 కథ వేరు. ఇక్కడి మామూలు పెద్ద రైలుని 32వ వంతుకి కుదిస్తే 45కి దగ్గరగా వస్తుంది, దాన్ని గేజ్ వన్ అంటారు. 1968లో జర్మనీ కంపెనీ ఎల్‌జీబీ మీటర్ గేజ్ రైళ్ళని 22.5వ వంతుకి కుదించి అదే 45 మీద పెట్టింది. అందుకే ఒకే పట్టాల మీద ఇద్దరు మనుషులు తమ రైళ్ళు నడుపుతుంటే ఒకాయన డ్రైవరు ఇంకొకాయన డ్రైవర్‌కి ఛాతీ దాకానే వస్తాడు, ఇద్దరూ పట్టించుకోరు.

చాలా ఇంజన్లకి చక్రాలు జరిపి 32కీ 45కీ మార్చుకునే వీలుంటుంది. మొదటి ఇంజన్ కొనేవాళ్ళు అలాంటిదే తీసుకోండి, ఎవరి పెరటికైనా పట్టుకెళ్ళొచ్చు.

ఇంజన్లన్నీ వేల్స్ కొండల్లోవే ఎందుకు?

ఎందుకంటే అక్కడ పలక రాయి గనులున్నాయి, గనుల నుంచి ఓడల దాకా రాయి దించడానికి పట్టాలు దగ్గర దగ్గరగా ఉండే చిన్న రైళ్ళు వేశారు. ఫెస్టినియోగ్ రైల్వే 1836లో మొదలైంది, రాయి బళ్ళు వాలున వాటంతటవే దిగేవి, ఖాళీ బళ్ళని గుర్రాలు పైకి లాగేవి, 1863లో ఆవిరి ఇంజన్లు వచ్చాయి. వేల్స్‌లోనే టాలిలిన్ రైల్వే మూతపడబోతుంటే 1951లో వాలంటీర్లు చేతుల్లోకి తీసుకుని నడిపారు, ప్రపంచంలో అలా బతికిన మొదటి రైలు అదే. పాత రైళ్ళ మీద ప్రేమ ఉన్నవాళ్ళు అక్కడే తయారయ్యారు, వాళ్ళ పెరళ్ళలోకీ అవే ఇంజన్లొచ్చాయి. పైగా చిన్న రైలు కాబట్టి మలుపులు బిగువుగా తిరుగుతుంది, పెరడు పెద్దది అక్కర్లేదు.

మన చిన్న రైళ్ళవి దొరకవా?

డార్జిలింగ్‌ది దొరుకుతుంది. 1881 నాటి ఆ రైలు రెండడుగుల గేజే, కాబట్టి 32 మీద అచ్చంగా కుదురుతుంది. 1889 నుంచి వచ్చిన బీ క్లాస్ అనే పొట్టి నీలం ఇంజన్ ఉంది చూశారూ, ముందు బంపర్ మీద ఇసుక చల్లేవాళ్ళు కూర్చుంటారు, దాని ఆవిరి మోడల్‌ని డాంకాస్టర్‌లో ఉన్న రౌండ్‌హౌస్ అనే కంపెనీ చేసింది. నా దగ్గర లేదు. ఒకాయన పెరట్లో నడుస్తుంటే చూశా, ఇంటికొచ్చాక రెండ్రోజులు అన్నం సరిగ్గా సహించలేదు. మాథేరాన్ రైలు కూడా రెండడుగులదే, 1907 నాటిది.

నాకు కావలసింది వేరే ఉంది. మా తాతగారిది టెక్కలి దగ్గర. నౌపడ నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో మొదలై, 1931కి గుణుపూర్ దాకా వెళ్ళింది. 2004లో ఆ నారో గేజ్ బండి ఆగిపోయింది, తర్వాత బ్రాడ్ గేజ్ వేశారు. తాతగారు ఎక్కిన రోజుల్లో బొగ్గు ఇంజనే, ఆయన తెల్ల పంచె మీద పడ్డ నిప్పురవ్వ చిల్లు సంగతి మా ఇంట్లో నలభై ఏళ్ళు నడిచింది. ఆ ఇంజన్ని నా పట్టాల మీద చూడాలని కోరిక. చిక్కేంటంటే ఆ దారి రెండున్నర అడుగులది. 762 మిల్లీమీటర్లని 19తో భాగిస్తే 40 వస్తుంది. 32 కాదు, 45 కాదు, దాదాపు నడిమధ్య 40! రెండింట్లో దేనిమీద పెట్టినా కాళ్ళు దగ్గరగానో ఎడంగానో ఉన్నట్టుంటుంది. ఇంకా తేల్చుకోలేదు, గుప్పెడు గీతలు గీసి బల్ల సొరుగులో పడేశా.

మొదటి ఇంజన్ ఏది కొనాలి, ఎంతవుతుంది?

మామోడ్ అని ఒక కంపెనీ 1970ల చివర్లో చవక ఆవిరి రైలు తెచ్చింది. తెల్ల ఇంధనం బిళ్ళలు కింద పెట్టి అంటిస్తే నడుస్తుంది, స్పీడు మన చేతిలో ఉండదు, అయినా ఇక్కడ సగం మంది దాంతోనే చెడిపోయారు. సెకండ్ హ్యాండ్‌లో వంద, రెండొందల పౌండ్లలో చిక్కుతుంది. కుదురుగా నడిచేది కావాలంటే రౌండ్‌హౌస్ వాళ్ళ చిన్న ఇంజన్లు, చైనాలో తయారయ్యే ఆక్యుక్రాఫ్ట్, జర్మనీ రెగ్నర్. కొత్తవి వెయ్యి పౌండ్లకి అటూ ఇటూ మొదలై పైకి ఎంతదాకానైనా పోతాయి. రూపాయల్లోకి మార్చి చూడొద్దు, నేను పెళ్ళయ్యాక ఆ అలవాటు మానేశా.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఒక్క మాట. ఎదురుగా నిలబడి, ఆవిరి ఎక్కించి, నడిపించి చూపించమనండి. నా రెండో ఇంజన్ ఫొటోలు చూసి కొన్నా, రంగు తళతళ. ఇంటికొచ్చాక బాయిలర్లో నీళ్ళు పోసి కదిపితే గలగల, లోపల సుద్ద పొరలు ఊడి తిరుగుతున్నాయి. అమ్మినాయన అంతకాలం కుళాయి నీళ్ళే పోశాడన్నమాట. దాన్ని శుభ్రం చేయడానికి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళతో మూడు వారాంతాలు పట్టింది.

ఒకసారి నడపాలంటే ఏమేం చేస్తావు?

ఇది పూర్తిగా చెప్తా, ఎందుకంటే అసలు సరదా అంతా ఇక్కడే ఉంది, తిరగడం చివర్లో వచ్చే పాయసం.

మొదట నూనె. చక్రాల ఇరుసులకి, కదిలే ప్రతి కీలుకీ ఒక్కో చుక్క, సూది మూతి సీసాతో. తర్వాత లూబ్రికేటర్ అని చిన్న గిన్నె ఒకటుంటుంది, దాని మూత తీసి, పోయినసారి చేరిన నీళ్ళని కింద నుంచి వదిలేసి, స్టీమ్ ఆయిల్ నింపాలి. ఇది కారులో పోసే ఇంజన్ ఆయిల్ కాదు, తేనెలా చిక్కగా ఉంటుంది, 460 గ్రేడ్. ఈ గిన్నె పని చేసే తీరు నాకు చాలా ఇష్టం. ఆవిరి కొంచెం దాంట్లోకి వస్తుంది, చల్లబడి నీటిబొట్టవుతుంది, నీళ్ళు బరువు కాబట్టి అడుక్కి పోతాయి, పోయిన మేరకి పైనున్న నూనె పొంగి ఆవిరి గొట్టంలో కలిసి సిలిండర్లలోకి వెళ్తుంది. పంపు లేదు, మీట లేదు, పప్పు మీద నెయ్యి తేలే సూత్రమే. బండి తిరిగి వచ్చాక గిన్నె కింది నుంచి వదిలితే నీళ్ళొస్తే నూనె వెళ్ళినట్టు, నూనే వస్తే ఎక్కడో అడ్డుపడినట్టు.

తర్వాత నీళ్ళు. సిరంజితో బాయిలర్ నిండా పోసి, మళ్ళీ ఒక 30 మిల్లీలీటర్లు వెనక్కి లాగేయాలి, ఆవిరికి చోటు కావాలి కదా. ఇది మర్చిపోతే సిలిండర్లోకి ఆవిరి బదులు నీళ్ళు పోతాయి.

తర్వాత గ్యాస్. బ్యూటేన్ డబ్బా తలకిందులు చేసి ట్యాంకు మూతి మీద నొక్కితే ద్రవంగా లోపలికి దిగుతుంది, నిండగానే మూతి పక్క నుంచి తెల్లగా చిమ్ముతుంది. అక్కడ ఆపి, డబ్బా దూరంగా పెట్టి, ఆ వాసన పోయేదాకా ఆగాలి. పక్కన వేరేవాళ్ళ ఇంజన్ మండుతుంటే ఇది అస్సలు చేయొద్దు.

ఇప్పుడు అంటించడం. గ్యాస్ పిడి కొంచెమే తిప్పి, సన్నగా సుయ్‌మనే చప్పుడు వినపడగానే లైటర్ని పొగగొట్టం మూతి దగ్గర పెట్టాలి. బుప్ మని ఒక చప్పుడొచ్చి మంట వెనక్కి పరిగెత్తి గొట్టంలో కుదురుకుంటుంది. ఎక్కువ తిప్పితే వెనక్కి పోదు, లేదా కీచుమని అరుస్తుంది, అప్పుడు తగ్గించాలి. ఇదంతా చెవితో చేసే పని. గ్యాస్ స్టవ్ మీద పాలు పెట్టి హాల్లో కూర్చుని చెవితో కనిపెట్టే అలవాటు ఉన్నవాళ్ళకి తొందరగా వస్తుంది, మా ఆవిడకి నాకన్నా ముందే వచ్చింది.

ఐదు నుంచి పది నిమిషాలు ఆగాలి. ప్రెషర్ ముల్లు కదలదు, కదలదు, కదలదు, ఉన్నట్టుండి లేస్తుంది. 20 పౌండ్లు దాటాక రెగ్యులేటర్, అంటే సిలిండర్లోకి ఆవిరి వదిలే పిడి, కాస్త తెరిచి బండిని చేత్తో ముందుకీ వెనక్కీ జరుపుతా. చల్లని సిలిండర్లో ఆవిరి నీళ్ళై కూర్చుంటుంది, అవి పోతే గాని పిస్టన్ కదలదు. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? పొగగొట్టంలోంచి పైకి. మొదటి రోజు నాకెవరూ ఈ మాట చెప్పలేదు, బండి ఎందుకు కదలట్లేదా అని పొగగొట్టం మీదకి వంగి చూశా. వేడి నూనె నీళ్ళు మొహమ్మీద, కళ్ళజోడు ఉంది కాబట్టి సరిపోయింది, చొక్కా మాత్రం అప్పట్నుంచీ పెరటి చొక్కా.

రెండు మూడు సార్లు ఉమ్మి, దగ్గి, మెల్లిగా తనంతట తను కదులుతుంది. అక్కణ్ణుంచి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. వేడెక్కిన స్టీమ్ ఆయిల్ వాసన చిన్నప్పటి రైస్ మిల్లు గుమ్మం దగ్గర వాసనకి దగ్గరగా ఉంటుంది.

గ్యాస్ అయిపోగానే పని అయిపోలేదు. ప్రెషర్ సున్నాకి దిగేదాకా మూత జోలికి వెళ్ళకూడదు. సున్నాకి వచ్చాక సేఫ్టీ వాల్వ్ వదులు చేయాలి, లేకపోతే చల్లారేకొద్దీ లోపల ఖాళీ ఏర్పడి లూబ్రికేటర్లో నూనెని బాయిలర్లోకి లాగేసుకుంటుంది. అప్పుడు గుడ్డతో తుడవడం. నేను వేడిగా ఉండగానే తుడుస్తా, జిడ్డు సులువుగా వస్తుంది.

ఏ నీళ్ళు పోయాలి?

కుళాయి నీళ్ళు వద్దు, బోరు నీళ్ళు అసలే వద్దు. గీజర్ రాడ్‌కి పట్టే తెల్ల సుద్ద గుర్తుందిగా, అదే. డిస్టిల్డ్ వాటర్ లేదా శుభ్రంగా పట్టి వడకట్టిన వాన నీళ్ళు. నేను ఇంట్లో గాల్లో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ తొట్టిలో చేరే నీళ్ళని గుడ్డతో వడకట్టి వాడతా. డీఅయనైజ్డ్ నీళ్ళు, అంటే లవణాలు తీసేసినవి, ఇత్తడిలో జింకుని తినేస్తాయని కొందరు, ఏం కాదని కొందరు, ఈ తగువు చికెన్ బిర్యానీలో బంగాళదుంప తగువులాంటిది, నేను దూరను.

గ్యాసా, స్పిరిటా, బొగ్గా?

కొత్తవాళ్ళకి గ్యాస్. తగ్గించొచ్చు, పెంచొచ్చు, ఆపొచ్చు.

స్పిరిట్ ఇంజన్లు నిశ్శబ్దంగా ఉంటాయి, కింద వత్తులు, దీపం పెట్టినట్టే. గేజ్ వన్‌లో జపాన్ వాళ్ళ ఆస్టర్ ఇంజన్లు చాలావరకు స్పిరిట్‌వే, వాటిని చూస్తే నగల షాపులో ఉన్నట్టుంటుంది. ఒక్కటే భయం, స్పిరిట్ మంట ఎండలో కంటికి కనపడదు. పట్టాల మీద ఒలికి అంటుకుంటే చెక్క నల్లబడేదాకా తెలీదు. పక్కన ఒక మగ్గు నీళ్ళు ఉంచుకోవాలి.

బొగ్గుకి మాత్రం ఓ పద్ధతి ఉంది. కిరసనాయిల్లో నానబెట్టిన కట్టెబొగ్గుతో రాజేయాలి, పొగగొట్టం మీద చిన్న బ్యాటరీ ఫ్యాన్ పెట్టి గాలి లాగాలి, నిప్పు నిలిచాక చెంచాడు చెంచాడు వేల్స్ బొగ్గు వేస్తుండాలి. నాలుగైదు నిమిషాలు అటు తిరిగి మాట్లాడితే ఆరిపోతుంది. నేను ఒక స్నేహితుడి బండి మీద అరగంట ప్రయత్నించా, ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిప్పలేకపోయా. నిప్పు మరీ చిన్నది, దాన్ని బతికించడం వేరే విద్య.

స్పీడు ఎలా ఆపుతావు?

చేతితో నడిపే ఇంజన్లో రెగ్యులేటర్ ఒకసారి సర్ది వదిలేయడమే, తర్వాత దాని ఇష్టం. రేడియో ఉంటే రెండు చానెళ్ళు చాలు, ఒకటి రెగ్యులేటర్‌కి, ఒకటి ముందుకీ వెనక్కీ. ఇంకో చిట్కా, వెనక బరువు కట్టండి. ఒంటరి ఇంజన్ తాడు తెంచుకున్న దూడలా పరిగెడుతుంది, అదే వెనక నాలుగు పెట్టెలుంటే పెద్దమనిషిలా నడుస్తుంది.

పట్టాలు ఎలా వేశావు?

తప్పుగా వేసి, పీకి, మళ్ళీ వేశా.

మొదట నేల మీద వేశా, పూల మొక్కల మధ్యలోంచి పోతే బాగుంటుందని. బాగానే ఉంది, కానీ ప్రతిదానికీ మోకాళ్ళ మీద కూర్చోవాలి, యార్క్‌షైర్ మట్టి తడి ఎప్పుడూ ఆరదు. గుల్ల లేని నత్తలు పట్టాల మీద పాకుతాయి, వాటి మీదకి చక్రం ఎక్కితే జిగురుకి చక్రాలు అక్కడే గిర్రున తిరుగుతాయి. పట్టాల కింద కంకర కోసం కోళ్ళకి వేసే రాతి నలుసు పోశా, ఇక్కడ అందరూ అదే వాడతారు. సిమెంటు కలపకుండా పోశాను, దాంతో బ్లాక్‌బర్డ్ అనే నల్లపిట్ట పురుగుల కోసం రోజూ పొద్దున్నే వచ్చి మొత్తం ఎగజిమ్మి పోయేది.

అసలు తప్పు వాలు. కంటికి సమంగా కనిపించింది, స్పిరిట్ లెవెల్ పెట్టలేదు. కరెంటు బండికి చిన్న వాలు లెక్క కాదు. ఆవిరి బండికి రెగ్యులేటర్ ఒకే చోట ఉంటుంది కాబట్టి ఎక్కేటప్పుడు ఈసురోమంటుంది, దిగేటప్పుడు దూకుతుంది. మా బావమరిది వచ్చిన రోజు, అటు చివర ఎక్కలేక ఆగింది, "కొంచెం ఎక్కువ ఇవ్వు బావా" అన్నాడు, ఇచ్చా, ఎక్కింది, ఇటు దిగేటప్పుడు మలుపులో పక్కకి పడి పొగగొట్టం వంగింది. తప్పు వాడిది కాదు. వాడు మాత్రం ఇప్పటికీ ఫోన్‌లో మొదటి మాటగా బండి బాగుందా అని అడుగుతాడు.

ఇప్పుడున్నది నడుమెత్తు. గుంజలు, వాటి మీద పలకలు, పలకల మీద రూఫింగ్ ఫెల్ట్, దానిపైన పెకో అనే కంపెనీ వాళ్ళ ఎస్ఎం32 పట్టాలు. ప్రతి గుంజ దగ్గరా లెవెల్ పెట్టి చూశా. చాలా చిన్న ఇంజన్లు రెండున్నర అడుగుల వ్యాసార్థం మలుపులో తిరుగుతాయి, కానీ చోటుంటే అయిదడుగులు ఉంచండి. మలుపు ఎంత వెడల్పైతే బండి అంత తేలిగ్గా పోతుంది, చూడ్డానికీ బాగుంటుంది.

వానకి పాడవ్వవా?

పట్టాలకి ఏం కాదు, అవి ఏడాది పొడుగునా బయటే. ఇంజన్ ఇంట్లోకి వస్తుంది. చక్రాలు కరెంటు తీసుకోనక్కర్లేదు కాబట్టి పట్టాలు మెరిసేలా రుద్దే చాకిరీ లేదు, ఆకులు ఊడిస్తే చాలు.

పిల్లలు నడపొచ్చా?

రిమోట్ ఇస్తే నడుపుతారు, మా పాప ఏడేళ్ళకే నాకన్నా మెత్తగా ఆపేది. నిప్పు, గ్యాస్, మూతలు మాత్రం పెద్దవాళ్ళ పని. పట్టాలు నడుమెత్తున ఉన్నాయంటే పిల్లల మొహం ఎత్తున ఉన్నట్టే, పొగగొట్టం ఉమ్మేటప్పుడు దూరంగా నిలబెట్టండి.

మన దగ్గర డాబా మీద చేయొచ్చా?

ఎందుకు చేయకూడదు? హైదరాబాద్‌లో, విజయవాడలో పెరడు లేకపోయినా డాబా ఉంటుంది, అది ముందే సమంగా ఉంటుంది. వాన నీరు పోవడానికి ఇచ్చిన వాలు ఒక్కటి సరిచూసుకుంటే చాలు. మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, ఇక్కడ చలికి మేం బ్యూటేన్‌లో ప్రొపేన్ కలిసిన గ్యాస్ వాడతాం, బ్యూటేన్ ఒక్కటే అయితే సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి మొరాయిస్తుంది. మీ ఎండకి ఆ మిశ్రమం అక్కర్లేదు, ఉత్త బ్యూటేన్ చాలు, డబ్బా నీడలో పెట్టండి. రెండు, వంటగ్యాస్ సిలిండర్ నుంచి పట్టే ఆలోచన మానుకోండి, ఎంత తెలిసిన మెకానిక్ చెప్పినా సరే. మూడు, మధ్యాహ్నం నడపొద్దు. ప్రమాదమని కాదు, వేడి గాల్లో ఆవిరి కనపడదు.

విమానంలో తెచ్చుకోవచ్చా?

గ్యాస్ డబ్బా, స్పిరిట్ కుదరవు, మాటే వద్దు. ఇంజన్ని ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, ఆరబెట్టి, నూనె తుడిచి, ముందే ఎయిర్‌లైన్‌ని అడిగి తీసుకెళ్ళాలి. నేను ఒకసారి చేతి సంచిలో పెట్టుకెళ్ళా. స్కానర్‌లో గుండ్రటి రాగి గొట్టం, ప్రెషర్ ముల్లు, సన్న పైపులు. ఆ తెర ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నలుగురు చుట్టూ చేరారు. విప్పి, చక్రాలు చూపించి, నోటితో ఛుక్ ఛుక్ అన్నాక అందులో పెద్దాయన నవ్వాడు. విమానం దొరికింది, కానీ ఆ పావుగంట టెన్షన్ నాకు జన్మకి చాలు.

కరెంటుది కొంటే ఈ తిప్పలుండవు కదా?

ఉండవు. మీట నొక్కితే వెళ్తుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది, నిన్న ఎలా నడిచిందో ఇవాళా అలాగే. నాకు సరిగ్గా అదే పడదు. ఇది వంటలాంటిది. అదే బియ్యం, అదే గిన్నె, అయినా ఒక రోజు అన్నం పలుకు, ఒక రోజు మెత్తన. గాలి వీస్తే మంట కదులుతుంది, చలి రోజు బాయిలర్ తొందరగా వేడి పోగొట్టుకుంటుంది, వాల్వ్ నూలు పోగంత వదులైతే నడక మారుతుంది. పెద్ద ఇంజన్లో లేని గొడవలు కూడా దీనిలో ఉంటాయి, ఎందుకంటే సైజు తగ్గించినంత మాత్రాన నీళ్ళ తీరూ నిప్పు తీరూ మారవు కదా. చిన్న బాయిలర్‌కి లోపల నీళ్ళు తక్కువ, ఆ నీళ్ళతో పోలిస్తే వేడి జారిపోయే ఒళ్ళు ఎక్కువ. గోకర్ణంలో పోసిన కాఫీ కన్నా చిన్న గ్లాసులో పోసింది ముందు చల్లారినట్టు. ఆ రోజుకి ఆ బండికి ఏం కావాలో కనిపెట్టి అది ఇవ్వడమే నా పని. నేను నడుపుతున్నా అనుకుంటాను గానీ, ఎక్కువసార్లు అదే నన్ను తిప్పుకుంటుంది.

ఇంట్లో ఏమనరా?

బట్టలు ఆరేసిన రోజు ఇంజన్ తీయకూడదు. ఈ ఒక్క నియమం తప్ప ఇంకేం లేదు, ఇది కూడా ఒక తెల్ల దుప్పటి పోయాక వచ్చింది.

ఎప్పుడొస్తే బాగా కనిపిస్తుంది?

జనవరిలో రండి. అందరూ వేసవిలో వస్తామంటారు, ఎండలో మీకు కనిపించేది చిన్న ఇంజన్, అంతే. చలికాలం, సన్న తుంపర పడుతూ, గాలి లేని పొద్దున గ్యాస్ ట్యాంకుని కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో కూర్చోబెట్టి లేపితే, మొదటి చుట్టులోనే ఆవిరి తెల్లగా దట్టంగా పెట్టెల మీదుగా సాగి మలుపు దగ్గర ఆగిపోయి, రెండో చుట్టుకి బండి వచ్చేదాకా అక్కడే వేలాడుతుంది. టీ నేను ఫ్లాస్కులో తెస్తా. చేతి గ్లౌజులు మీరు తెచ్చుకోండి, ఉన్నివి అయితే వద్దు, స్టీమ్ ఆయిల్ అంటితే ఇక వదలదు.